పురుగుల వార్డు

ఉదయం ఆరూ పదికి మా మేనత్త ఉప్మా పోపులోకి కరివేపాకు కోయడానికి పెరట్లోకి వెళ్ళి, వట్టి చేతులతో తిరిగొచ్చింది. టైము ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఏడింటికల్లా నర్సరీలో ఉండాలని నేను గోడగడియారం వైపే చూస్తూ కంచం ముందు కూర్చున్నాను. పొయ్యి మీద నూనె కాగి పొగ వస్తోంది. అత్త స్టవ్ ఆపేసి, "ఇవాళ కరివేపాకు లేదు. చెట్టు మీద ఎవరో ఉన్నారు," అంది. నేను భయపడ్డాను. చెట్టు మీద మనిషి ఉన్నాడని కాదు (ఆ చెట్టు నా భుజం దాకా కూడా రాదు), అత్త వరసగా రెండు వాక్యాలు మాట్లాడిందని. మావయ్య పోయిన నాలుగు నెలల్లో ఆవిడ నాతో అన్న మాటలన్నీ కలిపి రాస్తే ఒక పోస్టుకార్డు నిండేది కాదు.

ఆ రోజుల్లో మొక్కల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఇరవై రెండేళ్ళు. బీఎస్సీ బోటనీ ప్యాసై, కడియంలో ఒక నర్సరీలో చేరి మూడు నెలలైంది. లారీ ఎక్కే మొక్కలకి పేర్ల చీటీలు కట్టడం, కట్టే ముందు ఆకుకి చిల్లు ఉందేమో చూడటం, ఉంటే ఆ మొక్కని పక్కన పెట్టడం నా పని. మా ఓనరు గారికి లోకంలో ఉన్నవి రెండే రకాల మొక్కలు, చిల్లు లేనివీ, చిల్లు ఉన్నవీ. మొదటివి లారీలెక్కి దేశమంతా తిరిగేవి. రెండోవి గోడ వెనక గుట్టలో పడి ఎండేవి. మూడు నెలల్లో నా కన్ను ఎంత సాధన చేసిందంటే, ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చున్నాయన చొక్కాకి చిన్న కన్నం కనిపించినా ఆయన్ని లేపి పక్కన కూర్చోబెట్టాలనిపించేది.

అత్త ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మావయ్య నర్సరీల్లో అంట్లు కట్టేవాడు. ఆయన కట్టిన మామిడి అంటు బతకకపోవడం ఎవరూ చూడలేదంటారు. ఆయన మాత్రం వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అత్త పనిచేసిన ఆస్పత్రిలోనే, ఆవిడ చెయ్యి పట్టుకుని ఉండగానే పోయాడు. ఆ తర్వాత అత్త ఏడవలేదు. మాట్లాడటం తగ్గించింది, నవ్వడం మానేసింది, సమాధుల తోటకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. తోట ఇంటికి పది నిమిషాల నడక. చర్చి సంఘంలో ఆడవాళ్ళు వచ్చి "వెళ్దాం రండక్కా, పూలు పెట్టి వద్దాం" అంటే "తర్వాత" అనేది. ఆ తర్వాత ఎప్పుడో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మా నాన్న నన్ను పిలిచి, "అత్త దగ్గర ఉండు. నీకు నర్సరీ దగ్గరవుతుంది, దానికి తోడుంటుంది," అన్నాడు. తోడుండటమంటే ఏం చెయ్యాలో చెప్పలేదు. నేను ఆవిడ వండింది తిని, ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని పుస్తకం చదువుకునేవాణ్ణి. దాన్నే తోడనుకున్నాను.

సరే, చెట్టు మీద ఎవరున్నారో చూద్దామని పెరట్లోకి వెళ్ళాను. ఎవరూ లేరు. కరివేపాకు రెబ్బ మీద పిట్ట రెట్ట ఒకటి, గోధుమ రంగు మీద తెల్ల మచ్చతో, అంటుకుని ఉంది. "రెట్ట అత్తా, తుడిస్తే పోతుంది," అని వేలు పెట్టాను. రెట్ట తల ఎత్తింది. తల వెనకనుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికి పొడిచి, కుళ్ళిన నారింజ తొక్కలాంటి వాసనొకటి నా వేలికి పూసింది. నేను వేసిన కేకకి పక్కింటి పిన్నిగారు కర్ర పట్టుకుని గోడ మీదికి వంగారు.

"ఎక్కడ బాబూ? తాచేనా?"

బోటనీ చదివినవాడు అంగుళం లేని పురుగుని చూసి అరిచాడని ఎలా చెప్పను? "వెళ్ళిపోయిందండీ," అన్నాను. (ఆవిడ మర్నాడు మనిషిని పెట్టించి వాళ్ళ పెరడంతా గడ్డి చెక్కించారని తెలిసి సిగ్గుపడ్డాను, కానీ నిజం అప్పుడూ చెప్పలేదు.) అత్త వెనకే నిలబడి నా వేలు వైపూ, పురుగు వైపూ చూసి, "పేషెంటుని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి," అంది.

నేను హాస్యమనుకున్నాను. మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి వరండాలో వార్డు తెరిచి ఉంది. ఖాళీ స్వీటు డబ్బాలు ఏడు, ఒక్కోదాని మూతి మీద దోమతెర గుడ్డ, దానికి రబ్బరు బ్యాండు, పక్కన తెల్లటి ప్లాస్టరు ముక్క మీద నంబరు. చెట్టంతా వెతికితే ఏడుగురు దొరికారట. డబ్బాల పక్కన పొడుగాటి రూళ్ళ పుస్తకం. తీసి చూస్తే, ఆస్పత్రిలో రాసిన ముప్ఫై ఏళ్ళ చేతిరాతతో, "మూడవ బెడ్డు: తెల్లవారుజామున చర్మము విడిచెను. విడిచిన చర్మమును తానే తినెను. ఆకలి బాగున్నది. విరేచనము ఆరు సార్లు," అని ఉంది. నేను నిర్ఘాంతపోయాను. నా కోసం నాలుగు నెలల్లో ఒక పోస్టుకార్డు నిండని మాటలు, ఈ పురుగుకి ఒక్క రోజులో అర పేజీ!

అప్పట్నుంచీ రోజూ ఉదయం ఆరూ పదికి రౌండ్స్. అత్త స్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకుని, పుస్తకమూ పెన్నూ పట్టుకుని ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టేది. నేను వెనక నిలబడి మూతలు తీయాలి. ఆవలించకూడదు. పక్కింటి పిన్నిగారు చూడటానికొస్తే, "నాలుగునుంచి ఐదు దాకా విజిటర్సు టైమండీ, చెప్పులు బయట," అని గుమ్మంలోనే ఆపేసింది. పిన్నిగారు నిజంగానే నాలుగింటికి మళ్ళీ వచ్చారు. డబ్బాలోకి తొంగి చూసి, "నర్సమ్మ గారూ, ఇది పురుగు కదండీ?" అన్నారు నెమ్మదిగా, తెలియనివాళ్ళకి చెబుతున్నట్టు.

"అవునండీ."

"మరి పెంచుతున్నారేంటండీ?"

"ఎవరో ఒకరు చూసుకోవాలి కదండీ," అంది అత్త. అంతకంటే వివరం ఎవరికీ చెప్పలేదు.

పది రోజులకి ఆ రెట్టలే ఆకుపచ్చగా, నున్నగా, చిటికెనవేలంత అయ్యాయి. వాటి తిండి ఇంతా అంతా కాదు. కరివేపాకు చెట్టు కళ్ళముందే ఈనెలు తేలింది. అక్కడ నా ఉద్యోగం పనికొచ్చింది. గోడ వెనక గుట్టలో చిల్లులు పడ్డ నిమ్మ మొక్కలు, కరివేపాకు మొక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఓనరు గారిని అడిగి, సైకిలు వెనక కట్టుకుని రోజుకి రెండు తెచ్చేవాణ్ణి. తర్వాత, సీతాకోకచిలుకలయ్యాక అవి తేనె ఎక్కడ తాగుతాయని అత్త అడిగితే, వంకర తిరిగిన నూరువరహాలూ, ఎవరూ కొనని లాంటానా, కుండీ పగిలిన బంతీ తెచ్చాను. అత్త ఇంకో రకం సీతాకోకచిలుకలు జిల్లేడాకు తింటాయని ఎక్కడో చదివి, కాలవగట్టునుంచి జిల్లేడు పీకించి గుమ్మానికి కుడిపక్క నాటింది. దేశం మొత్తం మీద మొక్కలకి పేరున్న ఊళ్ళో, మా ఇల్లొక్కటే చిల్లులాకులూ, వంకర కొమ్మలూ, జిల్లేడూ శ్రద్ధగా పెంచిన ఇల్లు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, ఇంట్లో మగదిక్కు లేక ఇలా అయిపోయిందని జాలిపడేవాళ్ళు. (నేను గుమ్మంలోనే నిలబడి ఉండేవాణ్ణి. నన్ను లెక్కలోకి తీసుకోలేదు.)

నర్సరీలో అందరికంటే ఎక్కువ కంగారుపడినవాడు మందు కొట్టే ఆయన. ఇరవై ఏళ్ళుగా వీపు మీదనుంచి స్ప్రే పంపు దించినవాడు కాడు కాబట్టి అందరూ పంపు బాబాయి అనేవాళ్ళు. నేను సైకిలుకి మొక్కలు కడుతుంటే వచ్చి, "ఏంటండీ బాబుగారూ, ఊరంతా పురుగుని చంపమని నన్ను పిలుస్తుంటే, తమరు పురుగుకి క్యారేజీ పట్టుకెళ్తున్నారంట? ఆయ్, ఇదెక్కడి చోద్యమండీ! బయట అనకండి, మన నర్సరీ పరువు పోద్ది," అన్నాడు. ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా పంపు గొట్టం పక్కకి తిప్పుకుని, పాపం మా చుట్టాలెవరైనా నా చొక్కా మీద ఉన్నారేమోనన్నట్టు దూరంగా నడిచేవాడు.

డిసెంబరు వచ్చేసరికి వార్డులో పధ్నాలుగు మంది. మొదటి ఏడుగురిలో ఐదుగురు అప్పటికే రెక్కలొచ్చి వెళ్ళిపోయారు. వెళ్ళినప్పుడల్లా అత్త "డిశ్చార్జ్" అని రాసి టైము వేసేది. మాటలు కూడా మెల్లగా తిరిగొస్తున్నాయి. ఒక రోజు ఉదయం రౌండ్స్ అయ్యాక, "ఇవాళ మీ మావయ్య పుట్టినరోజు," అంది. ఆవిడ నోట ఆయన మాట వినడం అదే మొదలు. నేను రోజంతా దాని గురించే ఆలోచించాను. ఏదైనా చెయ్యాలి. ఇన్నాళ్ళూ గుట్టలో పడేసిన మొక్కలే తీసుకెళ్ళాను, ఇవాళ అలా కాదు. ఓనరు గారిని బతిమాలి, లారీ ఎక్కబోతున్న నిమ్మ మొక్కల్లో అన్నిటికంటే మంచిది ఎంచుకున్నాను. నిగనిగలాడే లేత ఆకులు. కిందనుంచి పై దాకా తిప్పి తిప్పి చూశాను. ఒక్క చిల్లు లేదు. చీటీ కూడా అందంగా రాసి కట్టాను.

అత్త ఆ మొక్కని చూసి, "ఇంత మంచిది ఎందుకురా?" అంది. అంటూనే ఆకులు కోసి పధ్నాలుగు డబ్బాల్లోనూ సర్దింది.

మర్నాడు ఆరూ పదికి నేను ఒకటో నంబరు మూత తీశాను. అది అడుగున నల్లగా వంగి పడుంది. రెండోదీ అంతే. మూడు, నాలుగు. ఐదో మూత తీయలేక వెనక్కి జరిగాను. అత్త జరగలేదు. ప్రతి డబ్బా దగ్గరా ఆగి, ఈకతో మెల్లగా కదిపి, టైము చూసి, రాసింది. పధ్నాలుగోది కూడా రాశాక పుస్తకం మూసి, "నిన్నటి దాకా బాగానే ఉన్నారు. కొత్తగా ఏం పెట్టాం?" అంది.

"మంచి ఆకే కదత్తా పెట్టింది. చలికి అయ్యుంటుంది," అన్నాను.

గోదావరి ఒడ్డున డిసెంబరు చలికి ఈగ కూడా చావదు. అత్త నన్ను ఒక్క క్షణం చూసి, "చలే అయ్యుంటుంది," అంది. వాళ్ళని దూది మీద వరసగా పడుకోబెట్టి, కరివేపాకు మొదట్లో గొయ్యి తీసి కప్పింది. డబ్బాలన్నీ బ్లీచింగ్ నీళ్ళతో కడిగి బోర్లించింది. ఆ పూట ఉప్మాలో కరివేపాకు ఉంది. నేను దాన్ని ఏరి పక్కన పెట్టాను.

నర్సరీకి వెళ్ళగానే పంపు బాబాయిని పట్టుకున్నాను. "బాబాయ్, నిన్న లోడుకి పెట్టిన నిమ్మ మొక్కలకి మందు కొట్టారా?"

ఆయన నా వైపు ఎంత నొచ్చుకుని చూశాడంటే, నేనేదో ఆయన పుట్టుకని శంకించినట్టు. "కొట్టారా ఏంటండీ? బుధవారం ఓసారి, శనివారం ఓసారి, లోడు ముందు ఇంకోసారి. ఆకుకి చిల్లు లేదంటే మరి ఎవరి చలవనుకుంటున్నారండీ?"

అక్కడే మొక్కల మధ్య కూలబడ్డాను. నాలుగు నెలలుగా రోజుకి కొన్ని వందల ఆకుల్లో చిల్లు కోసం వెతికినవాణ్ణి, చిల్లు లేని ఆకు ఎందుకు చిల్లు లేకుండా ఉందో ఒక్కసారి కూడా అడగలేదు. పురుగు తిన్న ఆకు పురుగుకి మంచిదని చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. నాకు డిగ్రీ ఉండబట్టే తట్టలేదేమో. గుట్టలో పడేసిన మొక్కలు తెచ్చినన్నాళ్ళూ వాళ్ళు బతికారు. ప్రేమగా ఎంచి తెచ్చిన రోజున చచ్చిపోయారు.

ఆ సాయంత్రం చెప్పేద్దామనుకున్నాను. అత్త కుర్చీలో కూర్చుని గోడ వైపు చూస్తోంది. మర్నాడు చెప్పాలనుకున్నాను. క్రిస్మస్ వెళ్ళాక చెప్పాలనుకున్నాను. క్రిస్మస్ వెళ్ళింది. అత్త మళ్ళీ ఒకటీ రెండు మాటల్లోకి వెళ్ళిపోయింది. సంఘంలో ఆడవాళ్ళు మళ్ళీ వచ్చి తోటకి రమ్మంటే, ఈసారి "తర్వాత" అని కూడా అనలేదు. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని పుస్తకం చదివినట్టు కూర్చునేవాణ్ణి. రెండు నెలల్లో నేను తిప్పిన పేజీలు పదో పన్నెండో.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం మొదలైన మూడో వారంలో, ఒక రోజు ఆరూ పదికి అత్త పెరట్లోనుంచి ఒక కరివేపాకు రెబ్బ పట్టుకుని వచ్చి నా కళ్ళ ముందు పెట్టింది. చిగురు మీద లేత పసుపు రంగు గుడ్లు, ఆవగింజలో సగమంతవి. "అడ్మిషన్లున్నాయి. డబ్బాలు దించు," అంది. నేను స్టూలు మీదికి ఎంత వేగంగా ఎక్కానంటే పడబోయాను. "ఆకు మాత్రం ఈసారి నేనే చూసుకుంటాను. నువ్వు తేవద్దు," అంది వెనకనుంచి. నాకు శ్రమ ఇవ్వడం ఇష్టం లేక అనుకున్నాను.

పదకొండు మంది చేరారు. ఇద్దరు చిన్నప్పుడే పోయారు. (నేను కాదు. చీమలు.) మిగిలిన తొమ్మిది మందీ పెద్దవాళ్ళై, అత్త పెట్టిన పుల్లలకి అతుక్కుని, నడుముకి ఒక దారం చుట్టుకుని, తాటిచెట్టెక్కేవాడు మోకు మీద వెనక్కి ఆనుకున్నట్టు ఆనుకుని గట్టిపడిపోయారు. "థియేటర్లోకి వెళ్ళారు. ఇక ఎవరూ ముట్టుకోకూడదు," అంది అత్త. సరిగ్గా ఆ వారమే మా ఇంట్లో ప్రార్థన కూడిక పడింది. ప్రార్థనయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, టీ గ్లాసుతో వరండాలోకి వచ్చి ఆ పుల్లల ముందు ఆగిపోయారు.

"ఇవి ఎప్పుడు బయటికొస్తాయమ్మా?"

"శుక్రవారం, శనివారం మధ్యలో అండీ."

"ఏ శుక్రవారం? మంచి శుక్రవారమా?" ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "ఈస్టరు తెల్లవారుజామున ఐదింటికి సమాధుల తోటలో ఆరాధన కదమ్మా. అందరూ కొవ్వొత్తులు పట్టుకుని ఉంటారు. నేను వాక్యం చదివి ఇలా చెయ్యెత్తుతాను. మన కుర్రాడు పెట్టె మూత తీస్తాడు. ఒక్కసారి తొమ్మిదీ ఆకాశంలోకి! ఇంక ప్రసంగం ఎందుకమ్మా?"

ప్రసంగం లేకుండా పోతుందన్న మాట సంఘంలో చాలామందికి నచ్చి ఉండేది. అత్త మాత్రం, "పేషెంట్లని ప్రదర్శనకి పెట్టకూడదండీ," అంది. ఆయన మొహం చిన్నబోయింది. ఆవిడ కాసేపు ఆ పుల్లల వైపే చూసి, "ఆయన దగ్గరైతే సరే. మా ఆయన సమాధి దగ్గర మూత తీస్తామంటే తీసుకొస్తాను," అంది.

అయ్యగారు వెంటనే సరేనన్నారు. తొమ్మిది నెలలుగా ఊరంతా బతిమాలినా రానిది, తనే వస్తానంటోంది. నాకు సంతోషం కలగాలి. భయమేసింది. ఈ తొమ్మిదింట్లో ఏదైనా తేడా వస్తే, ఆవిడ ఇంకెప్పుడూ ఆ తోట గేటు తీయదని నాకు తెలుసు. ఆ వారం రోజులూ నేను నర్సరీనుంచి రాగానే బయటే బట్టలు విడిచి, నూతి దగ్గర తలంటుకుని, వేరే బట్టలు కట్టుకునే వరండాలోకి వచ్చేవాణ్ణి. పంపు బాబాయికి ఎదురుపడకుండా చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి. ఆయన ఓనరు గారితో, "బాబుగారికి నా మీద కోపమొచ్చిందండీ, ఎందుకో తెలీదు," అని వాపోయాడట.

తొమ్మిది మందీ బయటికొచ్చారు. నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలు, వెనకవైపు ఒక్కో ఎర్ర చుక్క. అత్త దూది మీద పంచదార నీళ్ళు వేసి ఒక్కొక్కరికీ పట్టింది. దోమతెరతో కుట్టిన పెట్టెలో శనివారమంతా ఉన్నారు. మధ్యాహ్నం ఎండలో ఒకటే రెపరెపలాడారు. నేను వంద సార్లు చూశాను.

ఆదివారం చీకటితోనే బయల్దేరాం. అత్త తోట గేటు దగ్గర ఆగింది. నేనూ ఆగాను. పెట్టె నా చేతుల్లో ఉంది. ఆవిడ పెట్టె వైపు చూసి, లోపలికి నడిచింది. మావయ్య సమాధికి సంఘం వాళ్ళు ముందు రోజే సున్నం వేసి, బంతిపూలు పరిచి ఉంచారు. రెండు వందల మంది దాకా కొవ్వొత్తులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. క్వాయరు పాట అయింది. అయ్యగారు వాక్యం చదివారు, చాలా బాగా చదివారు, చదివి తెల్లటి అంగీ చెయ్యి పైకెత్తారు. నేను మూత తీశాను.

ఏమీ కాలేదు.

అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు. ఆకాశం నల్లగా ఉంది. అయ్యగారు చెయ్యి దించలేదు. నేను పెట్టె కొంచెం వంచాను. ఇంకొంచెం వంచాను. తొమ్మిదీ రెక్కలు మూసుకుని, ఎండుటాకుల్లా జారి బంతిపూల మీద పడ్డాయి. క్వాయరు మాస్టరు ఏం చెయ్యాలో తోచక పాట మళ్ళీ మొదలుపెట్టించారు. సండేస్కూలు పిల్ల ఒకతె, "ఎగరట్లేదండీ!" అని గట్టిగా అరిచింది. "ఊరుకోవే!" అన్నారెవరో. "పోయాయేమోనర్రా," అని వెనకనుంచి ఒక ముసలావిడ. "అయ్యో, ఈస్టరు పూటా!" అని ఇంకొకావిడ. అయ్యగారి చెయ్యి ఇంకా పైనే ఉంది. డిసెంబరు ఉదయం మళ్ళీ వచ్చేసిందనుకున్నాను. ఇంకెక్కడి మందు, ఎక్కడ అంటింది, నా చొక్కాకా, నా చేతులకా?

అత్త ముందుకి వచ్చి వంగింది. ఒకదాన్ని వేలి మీదికి ఎక్కించుకుని, కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని, నాడి చూసినట్టు చూసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. తోటంతా వినపడేలా అడిగింది:

"ఏరా, మళ్ళీ మందు కొట్టిన మొక్క తెచ్చావా?"

అని నవ్వింది. చిన్న నవ్వు కాదు. నా మొహం చూసి మొదలైంది, అయ్యగారి చెయ్యి చూసి పెద్దదైంది. నిలబడలేక మావయ్య సమాధి అంచు మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ నవ్వింది. రెండు వందల మంది నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. భర్త సమాధి మీద కూర్చుని, ఆరాధన మధ్యలో, ఆడమనిషి పగలబడి నవ్వడం ఆ తోటలో ఎవరూ చూసి ఉండరు. సంఘపెద్దగారి కొవ్వొత్తి మైనం ఆయన చేతి మీద కారుతున్నా ఆయన కదల్లేదు. అయ్యగారి చెయ్యి దానంతటదే దిగింది. అందరికంటే ఎక్కువగా కొయ్యబారిపోయింది నేను. ఆవిడకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు.

"బతికే ఉన్నాయండీ," అంది అత్త ఊపిరి తీసుకుని. "ఎండ రాకుండా ఇవి కదలవు. చీకట్లో మూత తీస్తే ఎవరు మాత్రం ఎగురుతారు? పుస్తకంలో రాశాను కూడా, పొద్దెక్కేదాకా రెక్క విప్పట్లేదని."

"మరి ముందే చెప్పలేదేంటమ్మా?" అన్నారు అయ్యగారు, దాదాపు ఏడుపు గొంతుతో.

"తమరు అడగలేదు కదండీ."

ఆరాధన ఎలాగో ముగిసింది. జనం గుసగుసలాడుకుంటూ వెళ్ళారు. అత్త సమాధి అంచు మీదనుంచి లేవలేదు. "నేను ఎండొచ్చే దాకా ఉంటాను. వీళ్ళని వదిలేసి ఎలా వస్తాను?" అంది. నేను కింద కూర్చున్నాను. తోట ఖాళీ అయ్యాక, "నిజంగా ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాను.

"చెబితే ఎనిమిదింటికి రమ్మనేవాళ్ళు. వదిలేసి, పాట పాడి, ఇంటికి తీసుకెళ్ళిపోయేవాళ్ళు," అంది. బంతిపూలు సర్దింది. "ఇప్పుడైతే కూర్చోవచ్చు."

అప్పుడు డిసెంబరు సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ విని, "మందు వాసన నాకు తెలీదట్రా? మూత తీయగానే తెలిసింది," అంది. ఏడున్నరకి మొదటిది రెక్కలు విప్పి, రెండు మూడు సార్లు ఆడించి, సిలువ మీదుగా వెళ్ళిపోయింది. ఎనిమిదిన్నరకల్లా తొమ్మిదీ వెళ్ళాయి. అత్త సంచిలోంచి పుస్తకం తీసి తొమ్మిది సార్లు "డిశ్చార్జ్" అని రాసి, టైములు వేసి, "పద, ఆకలేస్తోంది," అంది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. నేను నర్సరీ మానేసి కాలేజీలో బోటనీ చెబుతున్నాను. మొదటి క్లాసులో చిల్లులున్న నిమ్మాకు ఒకటి తీసుకెళ్ళి, ఇది మంచి ఆకా చెడ్డ ఆకా అని అడుగుతాను. చెడ్డదని అందరికంటే ముందు, అందరికంటే ధీమాగా చెప్పేవాడు ప్రతి ఏడూ ఒకడుంటాడు. వాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది, ఎందుకో వాడికి తెలియదు. అత్త ఆ తర్వాత ఏటా వార్డు నడిపింది, ప్రతి ఆదివారం తోటకి వెళ్ళింది. పోయిన వానాకాలంలో ఆవిడ కూడా పోయింది. మావయ్య పక్కనే పెట్టాం. ఇల్లు సర్దుతుంటే పాత పుస్తకం దొరికింది. డిసెంబరు పేజీలో పధ్నాలుగు పేర్లకి, అంటే పధ్నాలుగు నంబర్లకి ఎదురుగా, కారణం అన్న చోట ఒకే మాట, "మందు," అని ఉంది. కింద చిన్న అక్షరాలతో, "మంచిదని తెచ్చాడు. అడగకూడదు," అని రాసి ఉంది. తేదీ ఆ రోజుదే. నేను చలి అని అబద్ధమాడిన ఉదయానిదే.

కరివేపాకు చెట్టు ఇప్పుడు నా తలకంటే ఎత్తుంది. ఆకులు చిల్లులు పడే ఉంటాయి. ఆరూ పదికి ఎవరూ రౌండ్స్‌కి వెళ్ళడం లేదు.